పెన్సిల్‌తో నిలబెట్టిన వోల్టేజీ

ఆ గురువారం పొద్దున తాడేపల్లిగూడెంలో మా బావగారి వీడియో మిక్సింగ్ షాపు వెనకగదిలో మనుషులం ముగ్గురం: నేను, మా బావగారు, ఇడ్లీల క్యారియరు తెచ్చిన మా అక్క. వస్తువులు: పక్క రేకు ఊడదీసిన కంప్యూటరు, దాని కడుపులోకి గాలి కొడుతూ స్టూలు మీద టేబుల్ ఫ్యాను, మూల ఇన్వర్టరు, గోడకి చర్చివాళ్ళు ఇచ్చిన వాక్యం క్యాలెండరు, బల్ల మీద ఏడు చిన్న టేపులు. ఆ టేపుల్లో కొల్లేరు పక్కన ఒక ఊళ్ళో జరిగిన పెళ్ళి ఉంది. నా ఇంజనీరింగు డిగ్రీ అక్కడ లేదు, ఏలూరులో మా ఇంటి బీరువాలో ఉంది. అయినా దాన్ని కూడా ఉన్నవాటిలోనే లెక్క వేసుకున్నాను. తర్వాత జరిగిందంతా ఆ లెక్క వల్లే జరిగింది.

అది 2009 వేసవి. కాలేజీలో ఉండగానే నాకు ఉద్యోగం ఇచ్చిన కంపెనీ, చేరాల్సిన తేదీని మూడోసారి వెనక్కి జరిపింది. ఏలూరులో ఇంట్లో కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళంతా “ఎప్పుడు బాబూ చేరడం?” అని అడుగుతున్నారు. అందుకని గూడెంలో అక్క వాళ్ళింటికి వచ్చి, ఇక్కడివాళ్ళ చేత అడిగించుకుంటున్నాను.

మా బావగారు పెళ్ళిళ్ళు తీస్తారు. తీసినదాన్ని తనే మిక్సింగ్ చేస్తారు. అంటే ముక్కలు కోసి, అతికి, పాటలు పెట్టి, పెళ్ళికొడుకుని లవ్ గుర్తులో ఇరికించి, పెళ్ళికూతుర్ని గులాబీ పువ్వులోంచి బయటికి తెస్తారు. ఇదంతా అయ్యాక, మూడు గంటల పెళ్ళిని డీవీడీకి పనికొచ్చేలా కంప్యూటరు మొదటినుంచి చివరిదాకా తిరగరాయాలి. దాన్ని రెండరింగ్ అంటారు. ఆయన కంప్యూటరుకి అది తొమ్మిది గంటల పని. సాయంత్రం షాపు మూసేటప్పుడు పెట్టి, పొద్దున వచ్చి తీసుకునేవారు. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, నాకు తప్ప.

ఆ టేపుల్లోని పెళ్ళికూతురి తండ్రికి కొల్లేరువైపు చేపల చెరువులున్నాయి. ఆ ఊళ్ళలో ఒక అలవాటు ఉంది. పెళ్ళయ్యాక రెండో ఆదివారం, చర్చిలో ఆరాధన ముగిశాక, పెళ్ళికొడుకు తరఫువాళ్ళని భోజనాలకి పిలిచి అందరూ కలిసి పెళ్ళి డీవీడీ చూస్తారు. చూడటమంటే పెళ్ళిని కాదు, ఎవరికి వారు తాము ఎక్కడ కనబడ్డారో చూసుకుంటారు. కనబడనివాళ్ళు ఆ రోజుకి ఏమీ అనరు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అంటారు.

ఆ చెరువుల ఆసామికి ఇద్దరు కూతుళ్ళు. ఇది పెద్దమ్మాయి పెళ్ళి. చిన్నమ్మాయిది రెండు నెలల్లో ఉంది. క్రేను మీద కెమెరా పెట్టి తీస్తామంటూ ఏలూరులో కొత్తగా తెరిచిన ఒక స్టూడియోవాళ్ళు ఆయన చుట్టూ తిరుగుతున్నారు. ఆయన మా బావగారితో చెప్పింది ఇదీ: “ఆదివారం భోజనాల టైముకి డీవీడీ నా చేతిలో ఉండాలండీ. ఉంటే చిన్నదాని పెళ్ళి కూడా మీకే. లేదంటే మాత్రం ఏవనుకోకండి.”

‘ఏవనుకోకండి’ అన్నది మా జిల్లాలో చాలా మర్యాదైన మాట. దాని తర్వాత ఇక మాటలుండవు. పెద్ద ఇంటి పెళ్ళి ఒకటి చేజారితే, ఆ ఊరి పెళ్ళిళ్ళన్నీ దాని వెంటే వెళ్ళిపోతాయని బావగారికి తెలుసు.

మిక్సింగ్ బుధవారానికే అయిపోయింది. గురువారం సాయంత్రం రెండరింగ్ పెడితే శుక్రవారం పొద్దునకి డీవీడీ చేతికొచ్చేది. శని, ఆదివారాలు ఖాళీగా మిగిలేవి. ఇక్కడ నేను కలగజేసుకున్నాను.

“తొమ్మిది గంటలేంటి బావగారూ, మరీ అన్యాయం! ఈ ప్రాసెసరు మీద 1.8 గిగాహెర్ట్జ్ అని రాసుంది గాని, ఇది 3 దాకా పరిగెడుతుంది. నెట్‌లో అందరూ పరిగెత్తిస్తున్నారు.”

“మరి కంపెనీవాడు మూడు అని ఎందుకు రాయలేదు?” అంది అక్క, చట్నీ గిన్నె మూత తీస్తూ. ఆమె మిషను స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. ప్రశ్నలు కూడా ఆ తరగతివే అడుగుతుంది.

“వాడి వ్యాపారం వాడిది అక్కా.”

“మరి మా వ్యాపారం?”

బావగారు మాత్రం ఇడ్లీ తుంచడం ఆపి నావైపు చూశారు. “ఎంతసేపట్లో అవుతుందంటావ్ ఇంజనీరూ?”

“ఐదు గంటల ఇరవైనాలుగు నిమిషాలు.”

ఆయన్ని పడగొట్టింది ఆ ఇరవైనాలుగు నిమిషాలే. ‘ఐదున్నర’ అని ఉంటే నవ్వి ఊరుకునేవారు. నిమిషాలతో సహా చెప్పేవాడికి విషయం తెలిసే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నా మీద నాకున్న నమ్మకం కూడా అలాంటిదే.

కంప్యూటరు లేచేటప్పుడు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళి వేగం 3 గిగాహెర్ట్జ్‌కి పెంచాను. వేగం పెంచితే ప్రాసెసరుకి వోల్టేజీ కూడా కాస్త ఎక్కువ కావాలి. దాన్ని 1.40 చేశాను. అక్క కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. రెండరింగ్ మొదలుపెట్టాను. పద్నాలుగు శాతం దగ్గర కంప్యూటరు కొయ్యబారిపోయింది. తెర మీద పెళ్ళికూతురు గులాబీలోంచి నడుం దాకా వచ్చి, పైకీ రాలేక లోపలికీ పోలేక నిలబడిపోయింది.

“పాపం, ఆ పిల్లని బయటికి లాగవయ్యా,” అన్నారు బావగారు.

మూడుసార్లు మొదటినుంచి పెట్టాను. పువ్వు దగ్గర ఒకసారి, పసుపు బట్టల దగ్గర ఒకసారి, ఏమీ లేనిచోట ఒకసారి ఆగింది. అప్పుడు వోల్టేజీ చూపించే ఒక చిన్న ప్రోగ్రాము పెట్టి చూశాను. నేను ఇమ్మన్నది 1.40. ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసరుకి అందుతున్నది 1.37. రెండరింగ్ మొదలవగానే అది 1.29కి దిగిపోతోంది. పని ఎక్కువై వోల్టేజీ ఎక్కువ కావలసిన సమయానికే బోర్డు చెయ్యి వెనక్కి తీసుకుంటోంది.

“లో వోల్టేజీ,” అన్నాను.

“లో వోల్టేజీయే,” అన్నారు బావగారు.

ఇది మా ప్రాంతంవాళ్ళకి మాత్రమే అంత తేలిగ్గా తట్టే మాట. మా అమ్మ పుట్టిల్లు కొల్లేరు పక్కనే. సెలవులకి వెళ్ళినప్పుడు, సాయంత్రం చెరువుల మోటార్లన్నీ ఒక్కసారి వేశారంటే మా తలమీది ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించేవి. ట్యూబులైటు వెలగడం మానేసి కళ్ళు కొట్టేది. ఎవరూ కంగారు పడేవారు కాదు, “మోటార్లు వేశారు” అనుకునేవారు. అక్కడ పెరిగిన వాళ్ళకి అన్నం సరిగ్గా ఉడక్కపోయినా ముందు అనుమానం మోటార్ల మీదికే పోతుంది. గూడెంలో చేపల చెరువులు లేవన్న సంగతి నాకు తట్టకపోలేదు. రైసు మిల్లులున్నాయి కదా అని సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే ఏలూరు వెళ్ళి, మా ఇంట్లో టీవీ కింద ఉన్న స్టెబిలైజరు పీక్కొచ్చాను.

“టీవీకి పెట్టింది తీసుకుపోతే మేం ఏం చూడాలిరా?” అంది అమ్మ.

“రెండు రోజులు ఆగమ్మా. ఒక పెళ్ళి ఆగిపోయింది.”

“అయ్యో, ఎవరిదిరా?”

చెప్పేలోపు ప్యాసింజరు టైమైపోయింది. ఆ స్టెబిలైజరు ఇనప ముద్ద. గూడెం దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, దిగే సరికి రెండు కాళ్ళూ నావి కావు. ఎదుట కూర్చున్నావిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, “సారె సామానా అండీ?” అని అడిగింది. కాదన్నాను. ఆవిడ నమ్మలేదు.

షాపులో స్టెబిలైజరు పెట్టి, దానికి ఇన్వర్టరు తగిలించి, ఇన్వర్టరుకి కంప్యూటరు తగిలించాను. స్టెబిలైజరు సూది 230 దగ్గర నిటారుగా నిలబడింది. రెండరింగ్ పెట్టాను. ప్రాసెసరు వోల్టేజీ 1.29.

అప్పుడు, స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ ఉండగా, నాకు నా చదువు గుర్తొచ్చింది. గోడలోంచి వచ్చే 230ని కంప్యూటరు డబ్బాలోని పవర్ సప్లై 12 వోల్టులు చేస్తుంది. ఆ పన్నెండులోంచి ప్రాసెసరుకి కావలసిన ఒకటిన్నరలోపు ముక్కని మదర్‌బోర్డే తయారు చేసుకుంటుంది. వీధిలో కరెంటు 180కి పడిపోయినా ప్రాసెసరుకి ఆ కబురే అందదు. ఇది నాకు తెలియని విషయం కాదు. మూడో సంవత్సరం పరీక్షలో దీని మీద బొమ్మతో సహా జవాబు రాశాను. బొమ్మ చాలా శుభ్రంగా వేశానని లెక్చరరు మెచ్చుకున్నారు కూడా. పెన్సిల్‌తో వేసిన బొమ్మ అది.

“ఏమయింది?” అన్నారు బావగారు.

“గోడ కరెంటుతో సంబంధం లేదండీ.”

“మరి ఏలూరు వెళ్ళింది?”

“అమ్మని చూసినట్టుంటుందని.”

మధ్యాహ్నం స్టేషను రోడ్డులో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి, ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు రాసుకునే పేజీలు చదివాను. అక్కడ తెలిసిందేమిటంటే, బోర్డు పాడవలేదు. అది కావాలనే అలా చేస్తుంది. పని ఎక్కువైనప్పుడు వోల్టేజీని కొంచెం దించి ఉంచుతుంది. ఎందుకంటే అంత పనీ చటుక్కున ఆగిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది. ముందే దించి ఉంచితే ఆ ఎగిరినది కూడా హద్దులోనే ఉంటుంది, ప్రాసెసరుకి దెబ్బ తగలదు.

ఇది చదవగానే మా పెద్ద మామయ్య టీవీ గుర్తొచ్చింది. ఒక సాయంత్రం మోటార్లు వేశాక బొమ్మ కుంచించుకుపోతోందని ఆయన స్టెబిలైజరు గుండ్రం మీట చివరిదాకా తిప్పాడు. బొమ్మ నిండుగా వచ్చింది. అందరం మెచ్చుకున్నాం. కాసేపటికి చెరువుల మీద మోటార్లన్నీ ఒక్కసారిగా ఆపారు. టీవీలోంచి ముందు టప్పుమని శబ్దం, తర్వాత పొగ వచ్చాయి. వార్తలు చదివే ఆవిడ సగం మాటలో మాయమైపోయింది. చిన్నప్పుడు కళ్ళారా చూసిన ఈ పాఠం ఇంటర్నెట్ సెంటరులో నాకు పూర్తిగా అర్థమైంది. అర్థమయ్యాక తిన్నగా షాపుకి వెళ్ళి, మామయ్య చేసిన పనే చేశాను. వోల్టేజీ సెట్టింగు 1.50కి పెంచాను.

ఇప్పుడు రెండరింగ్‌లో 1.38 నిలబడింది. కంప్యూటరు ఆగలేదు. కాని ప్రాసెసరు తొంభై డిగ్రీల దాకా కాగిపోయి, తనను తాను కాపాడుకోవడానికి అడుగులో అడుగు వేసుకుంటూ నడవసాగింది. మిగిలిన సమయం పదకొండు గంటలని తెర మీద రాసుంది. మామూలుగా అయితే తొమ్మిది. బావగారు ఆ అంకె చదివి, ఫ్యానుని నావైపు తిప్పారు.

సాయంత్రం షాపు మూసే ముందు ఆయన అడిగారు. “పోనీ, పాత పద్ధతిలోనే పెట్టేసి ఇంటికి పోదామా? పొద్దునకి అయిపోయి ఉంటుంది. రేపింకా శనివారమేగా.”

అంత మంచి మాట ఆ మూడు రోజుల్లో ఆ గదిలో ఇంకెవరూ అనలేదు.

“ఒక్క రోజు బావగారూ. రేపు పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం మూడుకల్లా డీవీడీ మీ చేతిలో ఉంటుంది. ఇంకో దారి ఉంది.”

“ఏం దారి?”

“పెన్సిల్.”

ఆయన తాళంచెవులు తీసుకుని, “పద, అన్నం తిందాం,” అన్నారు.

పెన్సిల్ దారి నిజంగానే ఉంది. మదర్‌బోర్డు మీద ప్రాసెసరు పక్కన నువ్వుగింజంత రెసిస్టరు ఒకటి ఉంటుంది. పని పెరిగితే వోల్టేజీ ఎంత దించాలో బోర్డుకి చెప్పేది అదే. పెన్సిల్ ముక్కులోని గ్రాఫైటు గుండా కరెంటు పారుతుంది కాబట్టి, ఆ రెసిస్టరు మీద పెన్సిల్‌తో గీస్తే దాని విలువ తగ్గుతుంది. వోల్టేజీ దిగడం కూడా తగ్గుతుంది. ప్రపంచమంతటా నాలాంటివాళ్ళు అప్పుడు మదర్‌బోర్డుల మీద పెన్సిళ్ళతో గీస్తున్నారు.

శనివారం పొద్దున అక్క తన బడి సంచీలోంచి డ్రాయింగు పెన్సిళ్ళ డబ్బా తీసింది. “ఏది కావాలి? హెచ్‌బీయా, టూబీయా?”

“టూబీ. మెత్తగా ఉండాలి.”

“మా పిల్లలు కొబ్బరిచెట్టుకి నీడ వెయ్యడానికి వాడతారు ఇది.”

కంప్యూటరుని బల్ల మీద పడుకోబెట్టి, పైన లైటు పట్టుకోమని బావగారికి ఇచ్చి, నేను భూతద్దంతో వంగాను. ముగ్గురి తలలూ ఆ డబ్బా మీదే ఉన్నాయి.

“ఒరేయ్,” అంది అక్క, “నాలుగేళ్ళు నాన్న ఫీజు కట్టింది దీనికేనా?”

“గీత బయటికి పోకూడదక్కా. పక్కదానికి తగిలితే బోర్డు పోతుంది. మాట్లాడించకు.”

“మూడో తరగతిలో నీకు గీత లోపల రంగు వెయ్యడం వచ్చేది కాదు. నాకు బాగా గుర్తు.”

“ఏవే, వాణ్ణి కదిలించకు,” అన్నారు బావగారు. “చిన్నమ్మాయి పెళ్ళి వాడి చేతిలో ఉంది.”

పది గీతలు గీసి మీటరుతో కొలిచాను. మరో నాలుగు గీసి మళ్ళీ కొలిచాను. ఎక్కువైన చోట అక్క ఇచ్చిన రబ్బరు మొనతో తుడిచాను. కంప్యూటరు ఆన్ చేసి వోల్టేజీ సెట్టింగు మళ్ళీ 1.40కి తెచ్చాను. ఖాళీగా ఉన్నప్పుడు 1.39, రెండరింగ్‌లో 1.37. అక్కణ్ణుంచి అంకె కదలడం లేదు. నేను కుర్చీలో వెనక్కి వాలాను. అప్పటి నా మొహాన్ని ఎవరూ వీడియో తీయకపోవడం నా అదృష్టం. ఆ షాపులో కెమెరాలు మూడున్నాయి.

ఇలా చేసిన కంప్యూటరుని నమ్మేముందు దానికి ఎనిమిది గంటలపాటు బరువైన లెక్కలిచ్చి పరీక్ష పెట్టాలని ఆ పేజీల్లో రాశారు. నేను ఇరవై నిమిషాలు పెట్టాను. టైము లేదు. మూడున్నర గంటలు మిగుల్చుకోవడానికి ఎనిమిది గంటల పరీక్ష పెట్టాలన్న లెక్క అప్పుడు నాకు లెక్కలా కనిపించలేదు.

తొమ్మిదిన్నరకి మొదలైన రెండరింగ్ మూడు గంటలకి అయిపోయింది. ఎక్కడా ఆగలేదు. గులాబీలోంచి పెళ్ళికూతురు పూర్తిగా బయటికొచ్చింది. డీవీడీ రాసి, మొదటి పది నిమిషాలు చూశాం. బ్రహ్మాండంగా ఉంది. బావగారు నా భుజం తట్టి, పక్క మందుల షాపాయనకి వినబడేలా “మా బావమరిది ఇంజనీరండీ” అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం మోటారు సైకిలు మీద ఏలూరు మీదుగా కొల్లేరు దారి పట్టాం. ఊరు దాటాక రోడ్డే చెరువు గట్టు. రెండు పక్కలా చెరువులు, నీళ్ళలో పాతిన కర్రలకి వేలాడే తవుడు సంచులు, వాటి చుట్టూ నోళ్ళు తెరిచే చేపలు కనిపిస్తున్నాయి. డీవీడీ నా చొక్కా జేబులో ఉంది. దారిపొడుగునా బావగారికి వోల్టేజీ దిగడం గురించి చెబుతూనే ఉన్నాను. గాలికి వినబడక ఆయన ప్రతిదానికీ “ఆయ్, ఆయ్” అన్నారు.

చెరువుల ఆసామి గుమ్మంలోనే డీవీడీ అందుకున్నారు. “మాటంటే మాటండీ మీది,” అని బావగారి చెయ్యి పట్టుకున్నారు. హాలు నిండా వియ్యాలవారు. కొత్త పెద్ద టీవీ, దాని కింద సూది ఉన్న స్టెబిలైజరు. కొర్రమీను పులుసుతో భోజనాలు వడ్డిస్తూనే డీవీడీ వేశారు.

మొదటి గంట, అంటే చర్చికి వెళ్ళేముందు పెట్టిన విందు దాకా, బాగా నడిచింది. ‘అడుగో చిన్నాన్న’, ‘అదుగో నా చీర’, ‘ఈయనేంటి మూడుసార్లు వడ్డించుకున్నాడు’ అని ఒకటే గోల. మా బావగారికి ఒక నియమం ఉంది. భోజనాల దగ్గర కూర్చున్న ప్రతి మనిషినీ తీస్తారు, ఒక్కరినీ వదలరు. పెళ్ళికొడుకు మేనత్తకి తన తరఫువాళ్ళు ఒక్కరూ తప్పిపోలేదని నమ్మకం కుదిరి, రెండోసారి పులుసు వేయించుకుంది.

తర్వాత చర్చి వచ్చింది. తెర మీద పాస్టరుగారు, ఈ వధువును ఇచ్చువారెవరు అని అడిగారు. జీవితంలో మొదటిసారి సూటు వేసుకున్న మన ఆసామి, కూతురి చెయ్యి పట్టుకుని ఒక అడుగు ముందుకి వేసి నోరు తెరిచారు. ఆయన మొహం పచ్చటి చదరపు ముక్కలైపోయింది. మెడ దాకా సూటు, మెడ పైన క్యారం బోర్డు. నాలుగు సెకన్లు. తర్వాత మొహం తిరిగొచ్చింది. అప్పటికి ఇవ్వడం అయిపోయింది.

బావగారి చేతిలో ముద్ద గాలిలో ఆగింది. ఆ క్షణంలోనే తలమీది ఫ్యాను నెమ్మదించింది.

“మోటార్లు వేశారండీ,” అన్నారు ఆసామి. “లో వోల్టేజీ. మా ఊళ్ళో ఇది మామూలే. ఏవనుకోకండి.” లేచి వెళ్ళి స్టెబిలైజరు మీట రెండు మెట్లు తిప్పారు. వియ్యాలవారు కూడా అవునవునన్నారు. వాళ్ళవీ చెరువులే. బావగారి ముద్ద నోట్లోకి వెళ్ళింది. అంతా సర్దుకుపోయింది.

అప్పుడు నేను నోరు విప్పాను. తప్పు కారణం ఒప్పయిపోతుంటే నేను కూర్చోలేను, అంతే. పైగా అదే కారణం నమ్మి నేను ఒక స్టెబిలైజరుని ఏలూరు నుంచి ఒళ్ళో మోసుకొచ్చాను.

“లో వోల్టేజీ కాదండీ,” అన్నాను. “లో వోల్టేజీ అయితే బొమ్మ మొత్తం మసకబారాలి. ఇలా చదరాలు రావు. పైగా వెనక్కి తిప్పి వేస్తే సరిగ్గా అదే చోట రాకూడదు. చూపిస్తానుండండి.”

రిమోటు తీసుకున్నాను. వెనక్కి తిప్పాను. పాస్టరుగారు అడిగారు, ఆసామి మొహం చదరాలైంది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అయింది. ఫ్యాను మళ్ళీ పుంజుకున్నాక, ఇప్పుడు వోల్టేజీ బాగుందని అందరి చేతా ఒప్పించి, ఇంకోసారి వేశాను. అయింది. బొమ్మని అక్కడే ఆపాను. ప్రయోగం ఇంత శుభ్రంగా కాలేజీ ల్యాబులో కూడా రాలేదు.

“ఇంకొక్కసారి వెయ్యి బాబూ,” అంది మేనత్త, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళవి.

ఆసామి మాత్రం నవ్వలేదు. “అయితే ఏంటంటావు బాబూ?”

“అయితే, లోపం మా దగ్గరే ఉందండీ.”

ఆయన మా బావగారివైపు తిరిగారు. “ఏవండీ, ఈ బాబు మీ తరఫా, ఆ ఏలూరు స్టూడియోవాళ్ళ తరఫా?”

బావగారు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. “మా ఆవిడ తమ్ముడండీ. ఇంజనీరు.” ఆ మాట ముందురోజు మందుల షాపాయనకి చెప్పిన మాటే. కాని ఈసారి వేరేలా వినబడింది.

ఆగలేక మిగతాది కూడా చెప్పేశాను. ప్రాసెసరుని ఉన్నదానికంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించాననీ, బోర్డు వోల్టేజీ దించకుండా కట్టడి చేశాననీ, ఎక్కడో ఒక క్షణం అది చాలక లెక్క తప్పిందనీ, ఆగిపోకుండా తప్పు లెక్కతోనే ముందుకు పోయిందనీ. చెబుతుంటేనే తెలిసింది, అది అచ్చం నా పద్ధతని.

“దేంతో కట్టడి చేశావు?”

“పెన్సిల్‌తో అండీ.”

“పెన్సిలా?”

“టూబీ అండీ.”

ఆయన కూతురు, కొత్త పెళ్ళికూతురు, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆసామి టీవీ తెర మీద ఆగి ఉన్న తన చదరాల మొహం వైపు వేలు చూపించారు.

“ఆ పెన్సిల్ చెరిపేస్తే నా మొహం వస్తుందా?”

“వస్తుందండీ.”

“ఎంతసేపు?”

ఈసారి బావగారు నన్ను మాట్లాడనివ్వలేదు. “తొమ్మిది గంటలండీ. పాత పద్ధతిలో. రేపు సాయంత్రానికి నేనే తెచ్చి ఇస్తాను. మాట ప్రకారం ఇవాళ ఇవ్వవలసింది, ఇవ్వలేకపోయాను. చిన్నమ్మాయిగారి సంగతి మీ ఇష్టం.”

ఆసామి కంటే ముందు మేనత్తే అందుకుంది. “అన్నయ్యగారూ, మావాళ్ళలో ఒక్కరు తప్పిపోలేదు చూడండి. మా పెద్దోడి పెళ్ళి క్రేనుతో తీశారు. పందిరి పైకప్పు బాగా వచ్చింది. మనుషులు రాలేదు.”

“తొమ్మిది గంటలు పట్టనివ్వండి,” అన్నారు ఆయన చివరికి. “చేపపిల్ల వేసి పది నెలలు గట్టు మీద కూర్చునేవాణ్ణి, నాకేం తొందర? చిన్నదాని పెళ్ళీ మీరే తియ్యండి. ఒక్కటే మాట. ఈ బాబు భోజనానికి ఎన్నిసార్లయినా రావచ్చు. కంప్యూటరు దగ్గరికి మాత్రం రానివ్వకండి.”

“ఆయ్,” అన్నారు బావగారు. ఈసారి గాలి లేదు, మాట పూర్తిగా వినబడే అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద బావగారు ఒకచోట బండి ఆపి, దిగి, చాలాసేపు నవ్వారు. తర్వాత మళ్ళీ ఎక్కారు.

సోమవారం పొద్దున అక్క తన రబ్బరుతో వచ్చి, ఆ నువ్వుగింజని తనే తుడిచింది. ఈసారి భూతద్దం, లైటు పట్టుకున్నది నేను. వేగం 1.8కి దించి, వోల్టేజీని బోర్డు ఇష్టానికి వదిలేశాం. పనిలో పడగానే అది వోల్టేజీ దించింది. దించనిచ్చాం. సాయంత్రానికి ఆసామి మొహం ఆయనకి చేరింది. ఏలూరు స్టెబిలైజరుని నేనే ఒళ్ళో పెట్టుకుని అమ్మకి చేర్చాను.

రెండు నెలల తర్వాత చిన్నమ్మాయి పెళ్ళి జరిగింది. నా ఉద్యోగం అప్పటికీ రాలేదు. బావగారు రెండరింగ్ పెట్టే రోజు నన్ను మార్కెట్టుకి ఉల్లిపాయలకి పంపారు. రెండరింగ్‌కి తొమ్మిది గంటల ఆరు నిమిషాలు పట్టింది.